అత్తమ్మ కొట్టిన మిద్దె

మొన్న బోథ్ వైపు ఒక పెళ్ళికి వెళ్ళి, తిరిగి వస్తూ సావుకారు కోట ముందు కారు ఆపించాను. కోటకు రంగులు వేశారు, టికెట్టు కూడా పెట్టారు. పత్తి వ్యాపారంలో ఎదిగిన ఒక సావుకారు, రాజుల వంశం కాకపోయినా రాజులా ఉండాలని నాలుగు బురుజులతో, ఏనుగు పట్టే దర్వాజతో కట్టించుకున్న కోట అది. ఎంత గొప్పకు పోయినా పనిలో మాత్రం లోపం రానివ్వలేదు మహానుభావుడు. ఆ టేకు దూలాలు, ఆ నున్నటి గచ్చు చూస్తే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

నేను దాన్ని మొదట చూసింది పెళ్ళయిన కొత్తలో. శ్రీరాంపూర్ బొగ్గుబావిలో పని దొరికి ఏడాది కూడా కాలేదు. అత్తవారింటికి వెళితే, కోట చూద్దామని నా భార్య అంది, మా అత్త కూడా బయలుదేరింది. మన తరం వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడేది కాదు. అన్నం చాలా అన్న మాట కూడా తలుపు చాటు నుంచి కూతురి చేత అడిగించేది. దారంతా కొంగు నెత్తిమీదికి లాక్కుని మా వెనకే దూరంగా నడిచింది. ఆమె ఎందుకొస్తోందో నా భార్యే చెప్పింది. చిన్నప్పుడు ఆ కోట మిద్దెకు పని చేసిన కూలీల్లో మా అత్త ఒకతెట. డంగుసున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి మిద్దె మీద పరిచి, అది గట్టిపడేలా ఆడవాళ్ళంతా వరుసగా కూర్చుని రోజుల తరబడి చెక్కలతో కొట్టారట. మిద్దె ఆరాక మళ్ళీ పైకి ఎక్కే యోగం వాళ్ళకు లేకపోయింది. ఒక్కసారి కళ్ళారా చూడాలని ఆమె ఆశ.

తీరా వెళితే కాపలా ముసలాయన మెట్ల తలుపు తీయనన్నాడు. "కప్పు కూలేటట్టున్నది, మీదికి ఎవ్వల్ని పోనియ్య" అన్నాడు. మా అత్త వెనక్కి తిరిగింది. నాకు ప్రాణం ఉసూరుమంది. బొగ్గుబావిలో నా పని పైకప్పు పదిలంగా ఉందో లేదో చూడడమే. కర్రతో తట్టినప్పుడు గట్టిగా మోగితే మంచిదని, డొల్లగా పలికితే పరుగెత్తాలని పాత కార్మికులు చెవి మెలిపెట్టి నేర్పారు. మూలనున్న బూజుకర్ర అందుకుని, కొత్త అల్లుడినన్న సిగ్గు కూడా మరచి, కింది హాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా దూలాల మధ్య తట్టుకుంటూ పోయాను. ఎక్కడ తట్టినా రాయిలా మోగింది. అలాంటి కప్పు మా బావికి ఉంటే నన్ను కన్న మా అవ్వ ఫికర్ లేకుండా నిద్రపోయేది. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే ముందుగాల నువ్వే ఎక్కు" అని తాళం తీశాడు.

పైన ఎక్కడా ఒక్క బీట లేదు. మా అత్త బురుజు పక్కన కూర్చుని గచ్చును అరచేత్తో నిమిరింది. అంతలో కొంగు జారినా చూసుకోకుండా, నా చెయ్యి పట్టి లాగి, "గీడ సూడు బిడ్డా, గీ వరుస నాది. మా అవ్వ పక్కన కూసుండి కొట్టిన" అంది. మరుక్షణం ఉలిక్కిపడి కొంగు కప్పుకుంది. నేను తల వంచుకుని నిలబడ్డాను.

ఆమె నాతో నేరుగా మాట్లాడింది ఆ ఒక్కసారే. ఇప్పుడు నా భార్య మా అల్లుడితో గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడుతుంది, కూరలో ఉప్పెక్కువైనా అతనికే చెబుతుంది. వింటుంటే ముచ్చటేస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా కలుగుతుంది. ఇంత గట్టి కప్పు నేనెన్నడూ చూడలే అత్తమ్మా, అని ఆ రోజు అంటే ఆమె ఎంత పొంగిపోయేదో. ఆ మాట నోటి దాకా వచ్చింది. మర్యాద కాదని మింగేశాను.