రాడ్ పట్టిన మనిషి

నేను ప్రొద్దుటూరులో ప్రైవేటు సర్వేయర్‌ని. శ్మశానాలకు హద్దులు వేశాను, పాడుబడిన బంగళాలు కొలిచాను. దయ్యాల మాట ఎత్తినవాళ్ళను చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

జమ్మలమడుగు, ముద్దనూరు మధ్య ఒక అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం కడుతున్నారు. మేం వెళ్ళేనాటికి గ్యాలరీల స్తంభాలు మాత్రమే లేచాయి. మధ్యలో ఆట జరగాల్సిన నేల మీద మట్టి పోసి చదును చేశారు. మర్నాడు పెద్ద రోలర్ దిగాలి. ఈలోగా ఎత్తుపల్లాలు చూడమని నన్ను పిలిచారు.

నా వెంట మస్తాన్ ఉన్నాడు. వయసులో పెద్దవాడు, మామా అంటాను. మాది ఇద్దరు చేసే పని. స్టాండు మీద ఉన్న యంత్రంలోంచి నేను చూస్తాను. ఆయన దూరంగా అద్దం బిగించిన రాడ్ పట్టుకుని నిలబడతాడు. యంత్రం పంపే వెలుగు ఆ అద్దానికి తగిలి తిరిగొస్తేనే దూరం తెలుస్తుంది. అద్దం లేకపోతే అంకె పడదు.

పొద్దున పదకొండు అయింది. ఎండ మండుతోంది. నలభై ఆరు పాయింట్లు పూర్తయ్యాయి. నోట్సు రాసుకుని మళ్ళీ కన్ను ఆనించేసరికి మనిషి సిద్ధంగా ఉన్నాడు. తలకు తెల్ల తువ్వాలు, మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, ఒట్టి కాళ్ళు. ముఖం తువ్వాలు నీడలో ఉంది. రాడ్ నిట్టనిలువుగా ఉంది. మస్తాన్ ప్యాంటు వేసుకొచ్చాడన్న సంగతి ఆ క్షణాన నాకు తట్టలేదు. బటన్ నొక్కాను. అరవై ఒక్క మీటర్లు చూపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. మస్తాన్.

“అప్పా, నీళ్ళకని వచ్చినా. నీ ఎనకాల ట్యాంకర్ కాడ ఉండా. రొంతసేపు ఆగు.”

“రాడ్ యాడ పెట్టినావు మామా?”

“నా చేతిలోనే ఉండాది. ఏందప్పా?”

వెనక్కి తిరిగి చూశాను. రాడ్ భుజానికి ఆనించుకుని నీళ్ళు తాగుతున్నాడు. ముందుకు చూశాను. మైదానంలో ఎవరూ లేరు. దాక్కోవడానికి ఒక చెట్టు గానీ గుట్ట గానీ లేదు. మళ్ళీ నొక్కాను. అంకె పడలేదు.

మస్తాన్ వచ్చాక ఆయనకేమీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. యంత్రంలో ఆ పాయింట్ చూసి, సరిగ్గా అక్కడికే ఆయన్ని పంపాను. ఆయన రాడ్ దించాడు. మొన జానెడు లోపలికి దిగిపోయింది.

“అప్పా, ఈడ నేల గుల్లగా ఉండాది! కాళ్ళ కింద కదుల్తాంది!”

“నడవద్దు మామా! పండుకో! పొట్ట మీద పాక్కుంటా రా!”

ఆయన బోర్లా పడుకున్నాడు. జరిగిన కొద్దీ మట్టి నెర్రెలు విచ్చుతోంది. నేను పరుగెత్తి, కాస్త ఇవతలే పడుకుని, లెవెల్ చూసే పొడుగు బద్దను చాపాను. “గట్టిగా పట్టుకో” అని అరిచాను. ఆయన “యా అల్లా” అంటూనే ఉన్నాడు. మా చొక్కాలు చిరిగేదాకా లాగాను. ఆయన కాళ్ళు ఇవతలికి వచ్చాయో లేదో, వెనకాల నేల కుంగిపోయింది. రాళ్ళు అడుగున పడిన చప్పుడు కాస్త ఆగి వినిపించింది.

అది పాత దిగుడు బావి. ఎవరో ఎన్నడో మొద్దులు, బండలు పరిచి పైన మట్టి కప్పేశారు. ఏ రికార్డులోనూ లేదు. మర్నాడు ఆ మట్టి మీద రోలర్ నడపాల్సిన డ్రైవర్ వచ్చి లోపలికి తొంగిచూసి, అక్కడే కూలబడ్డాడు.

ఆ భూమి ఇంతకుముందు నారాయణమ్మ అనే ముసలావిడ కుటుంబానిది. సాయంత్రం ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాను. నేను ఏ కథ కోసం వెళ్ళానో నాకు తెలుసు.

“ఆ బాయిలో ఎవురన్నా పడినారా అవ్వా?”

“ఎవురూ పడల్యా నాయనా. నీళ్ళు లేవని మా మామ మూపిచ్చినాడు. అంతే.”

తువ్వాలు చుట్టుకున్న మనిషి గురించి చెప్పాను. ఆమె నా ముఖం కేసి చూసి, “అట్లాంటోళ్ళు ఈ సీమలో యాడ జూసినా ఉంటారు గదప్పా,” అంది.

యంత్రంలో నలభై ఏడో పాయింట్ అలాగే ఉంది. తెలిసిన ఇంజనీర్లకు చూపించాను. ఎండకు ఏదో మెరిసి ఉంటుందన్నారు. మరి అది సరిగ్గా ఆ బావి మీదే ఎందుకు మెరిసింది?

బావి బయటపడిన నాటి రాత్రే ఫీల్డు పుస్తకంలో రాడ్ పట్టినవారి గడిలో అలవాటుగా మస్తాన్ పేరు రాశాను. జరిగిందంతా అప్పటికి ఆయన నా నోట విన్నాడు. పుస్తకం లాక్కుని చూశాడు.

“నేను పట్టనిదానికి నా పేరెందుకప్పా? కొట్టెయ్.”

కొట్టేశాను. ఆ గడిలో ఇంకేమీ రాయలేదు.