డ్రైవరుతో మాట్లాడరాదు

రాయికోడ్ నుంచి ఝరాసంగం మీదుగా జహీరాబాద్‌కు వచ్చే పొద్దుటి బస్సులో డ్రైవరు తలకు పైన ఒక రేకు పలక ఉండేది. "బస్సు నడుచుచుండగా డ్రైవరుతో మాట్లాడరాదు" అని దాని మీద ఎర్ర రంగుతో రాసి ఉండేది. కాలేజీ చదువు మొదలైన నాటి నుంచి ముగిసిన నాటి వరకు నేను ఆ వాక్యాన్ని చదువుతూనే ప్రయాణం చేశాను. ఆడవాళ్ల సీట్లు ముందు వరుసల్లో ఉండేవి కనుక చదవక తప్పేది కాదు. ఆ పలక మాట విన్న మనిషి మాత్రం చాలా కాలం దాకా ఆ బస్సులో నాకు కనబడలేదు.

వినకపోవడానికి కారణం పొగరు కాదు. మా దారి పల్లెల్లో టెలిఫోన్ లేదు. జహీరాబాద్ పోస్టాఫీసులో ట్రంక్ కాల్ కోసం సగం దినం కూర్చోవాలి. కూర్చున్నా, అవతలి ఊళ్లో ఎత్తడానికి మరో ఫోను ఉండాలి కదా! కాబట్టి మా కబుర్లన్నీ డ్రైవరు చెవిలో ప్రయాణం చేసేవి. ఇంజను మీది బానెట్‌కు గోనెసంచి కప్పి ఉండేది. ఎవరి దగ్గర కబురు ఉంటే వారికి ఆ బానెట్ మీద చోటు వదలడం మా బస్సు మర్యాద. ఎంతటి భూస్వామి కూర్చుని ఉన్నా "జర కబురున్నది" అంటే లేచి నిలబడవలసిందే. కబురు చెప్పినవాళ్లు కూడా చెప్పగానే లేచి, తరువాతి వారికి ఆ చోటు ఇచ్చేవారు.

డ్రైవరు నడివయసు మనిషి. అందరూ ఆయనను డ్రైవర్ సాబ్ అనేవారు. ఎవరి పెళ్లి ఎక్కడ కుదిరిందో, ఎవరి ఎద్దు తప్పిపోయిందో, ఎవరి తల్లి దవాఖానలో ఉన్నదో ఆయనకు తెలుసు. పట్నంలో మందుబిళ్లలు కొని, సాయంత్రం తిరుగు బస్సులో ఊరి మలుపు దగ్గర చేతికిచ్చి పోయేవాడు. అందుకు ఆయన ఏనాడూ ఏమీ ఆశించలేదు. నేను ఒకసారి పలక చూపించి అడిగాను.

"సాబ్, గా రాసింది ఎవరికోసం?"

"రంగు వేసినోని కోసం బిడ్డా," అన్నాడు. "ఆనికి పని దొరకాలె గద!"

బస్సంతా నవ్వింది. కాలేజీలో వక్తృత్వ పోటీలకు పోయే పిల్లనని, మాటకు మాట అంటానని అందరికీ తెలుసు. ఆ దినం నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

వానాకాలం చివర, అల్లం తవ్వడం మొదలైన రోజుల్లో ఒక ఉదయం అది జరిగింది. ఝరాసంగం దాటిన తరువాత ఒక అవ్వ బానెట్ మీదికి వచ్చి కూర్చుంది. ఆమె కొడుకు జహీరాబాద్ బస్టాండు పక్కన లారీలకు మూటలు ఎత్తే పని చేస్తాడు. కోడలు పుట్టింట్లో ప్రసవించింది. ఆ సంగతి కొడుకుకు చెప్పించాలని అవ్వ బస్సెక్కింది. తాను నడుమ ఊళ్లోనే దిగి కోడలి దగ్గరకు పోవాలి.

"సాబ్, మావోనికి చెప్పు. మనుమడు పుట్టిండు. తల్లీ పిల్లా మంచిగున్నరు."

"మనుమడా? మరి మిఠాయి ఏదే అవ్వా?" అంటూ డ్రైవరు నవ్వుతూ ఆమె వైపు తల తిప్పాడు.

"ఎవలి పోలికనో అడుగవేం?" అన్నదామె.

ఆయన మళ్లీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా ముగియకముందే బస్సు ముందు భాగంలో ఒక మెత్తని చప్పుడయింది.

రోడ్డుకు ఎడమ అంచున సైకిలు మీద పోతున్న మనిషి అతడు. క్యారియర్‌కు అల్లం బస్తా కట్టుకుని అంగడికి పోతున్నాడు. వెనక నుంచి బస్సు తగిలింది. డ్రైవరు అందరికన్నా ముందు దూకి, అతణ్ని చేతుల మీదికి ఎత్తుకున్నాడు. అప్పటికే ప్రాణం లేదు. పగిలిన బస్తాలోని అల్లం చక్రాల కింద నలిగి, రోడ్డు పొడవునా ఘాటైన వాసన లేచింది. ఆ వాసనలో డ్రైవరు నేల మీద కూలబడి తల కొట్టుకుంటూ ఏడ్చాడు.

ప్రజాభిప్రాయం ఎట్లా పుడుతుందో నేను పుస్తకాల్లో చదివాను. ఆ దినం రోడ్డు మీద కళ్లారా చూశాను. మొదట ఒకరు "సైకిల్ ఊగినట్టున్నది" అన్నారు. 'ఊగింది' అనలేదు, 'ఊగినట్టున్నది' అన్నారు. వెనక సీట్లలోంచి దిగిన మరొకరు "ఊగింది, నేను చూసిన" అన్నారు. బస్తా బరువుకు ఊగిందని ఒకరు, కాదు, పొద్దుగాలనే కల్లు తాగిండని ఇంకొకరు. "వాసన వస్తలేదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. అల్లం ఘాటు తప్ప మరో వాసన ఏదీ లేని ఆ చోట నలుగురు తలలూపారు. వాళ్లు దుర్మార్గులు కారు. తమ కబుర్లు మోసే మనిషిని కాపాడుకుంటున్నారు. పోలీసు జీపు వచ్చే వేళకు బస్సులోని మగవాళ్లందరూ ఒకే దృశ్యాన్ని చూసి ఉన్నారు.

జమాదారు పంచనామాకు సాక్షులను పిలిచాడు. ముందు సీట్లలో కూర్చుని అద్దంలోంచి చూసినవాళ్లం ఆడవాళ్లం. సంతకాలు పెట్టింది వెనక సీట్ల మగవాళ్లు. నేను దగ్గరకు పోయి, సైకిలు ఊగలేదని, డ్రైవరు తల తిప్పి ఉన్నాడని చెప్పాను.

"కోర్టు చుట్టు తిరుగుతవా బిడ్డా? లగ్గం కావలసిన పిల్లవు. పో, కాలేజీకి పో," అన్నాడు. రాసుకోలేదు.

ఆ ఏడు మా కాలేజీ చర్చా పోటీకి అధ్యాపకుడు ఇదే విషయం ఇచ్చాడు: నడుస్తున్న బస్సులో డ్రైవరుతో మాట్లాడేవారిని, మాట్లాడే డ్రైవరునూ శిక్షించే కఠినమైన చట్టం కావాలా, వద్దా. కావాలనే పక్షాన నేను నిలబడ్డాను. ఎదుటి పక్షం విద్యార్థి లేచి, "ఊరికి టెలిఫోన్ ఇవ్వని సర్కారుకు ఊరి నోరు మూసే హక్కు ఎక్కడిది?" అని అడిగాడు. హాలు చప్పట్లతో నిండిపోయింది. వెనక బెంచీల నుంచి కేకలు వచ్చాయి.

"గట్లయితే మూగోళ్లకే టికెట్ ఇయ్యాలె!"

"పెండ్లాం పక్కన కూసుంటే ఏం జెయ్యాలె అధ్యక్షా?"

అతని ప్రశ్న న్యాయమైనదని నాకు తెలుసు. ఇప్పటికీ దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను ఒక్క మాటే అన్నాను: "సైకిలు మీద పోయిన మనిషి ఏ కబురూ పంపలేదు. మన సౌకర్యానికి ఆయన ఎందుకు చావాలి?" ఎవరూ నవ్వలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చట్టం కావాలనేవాళ్లను చేతులెత్తమన్నప్పుడు ఒకటి రెండు చేతులే లేచాయి; లెక్కపెట్టే అవసరం రాలేదు.

ఆ చర్చ సంగతి ఎట్లా పాకిందో, కొన్ని దినాలకు కాలేజీ గేటు దగ్గర ఒక స్త్రీ నా కోసం నిలబడి ఉంది. కూలికి అల్లం తవ్వి వచ్చిన చేతులు. ఆ చనిపోయిన మనిషి భార్య.

"మా ఆయన తరఫున మాట్లాడింది నువ్వేనా బిడ్డా?"

"నేనే అక్కా."

"ఠాణాల చెప్పలేదా?"

"చెప్పిన. రాసుకోలేదు."

ఆమె కొంగుతో చేతుల మట్టి తుడుచుకుంది. తరువాత మెల్లగా అన్నది: "పోయినోడు రాడు. డ్రైవర్‌ను ఉరి తియ్యమని నేనంటలేను. తాగి బస్సు కింద పడ్డడంటున్నరు. బోరింగ్ కాడ అంటున్నరు, అంగట్ల అంటున్నరు. ఆయన కల్లు ముట్టడు. రోడ్డు అంచుకే పోతడు. గా ఒక్క మాట ఎవరన్న చెప్పాలె. తాగుబోతోని పెండ్లాం అనిపించుకుంట ఎట్ల బతకాలె?"

మేమిద్దరం కలిసి సర్కారు వకీలు దగ్గరకు పోయాం. నా పేరు సాక్షుల్లో చేరింది. ఆ వార్త మా ఇంటికి నాకన్నా ముందే చేరింది. నాన్న తిట్టలేదు. ఎద్దులకు మేత వేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు: "నిజం చెప్పొద్దంటలేను. చెప్పినంక గూడ గీ ఊర్లెనే బతకాలె. అది యాద్ పెట్టుకో."

కోర్టులో అవ్వను నాకన్నా ముందు పిలిచారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు యాద్ లేదు" అన్నది. ఎన్ని విధాలుగా అడిగినా అదే మాట. తరువాత నేను బోనెక్కాను. డ్రైవరు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆయన తరఫు వకీలు నన్ను అడిగాడు.

"డ్రైవరు ఎంతసేపు తల తిప్పాడు?"

"ఒక మాట వినేంతసేపు."

"ఏమిటా మాట?"

"మనుమడు పుట్టాడన్న మాట."

కోర్టు హాలులో ఎవరో నిట్టూర్చారు.

"ఆ మాటకు నవ్వావా నువ్వు?"

"నవ్వాను."

"అందరూ నవ్విన మాటకు ఒక్కడికే శిక్ష కావాలంటావా?"

చర్చా వేదిక మీద అయితే ఆ ప్రశ్నకు చప్పట్లు పడేవి. "శిక్ష సంగతి నాకు తెలియదు," అన్నాను. "సైకిలు రోడ్డుకు ఎడమ అంచున ఉన్నది. అది ఊగలేదు. అది చెప్పడానికే వచ్చాను."

డ్రైవరుకు జైలు శిక్ష పడింది, ఉద్యోగం పోయింది. కొత్త డ్రైవరు వచ్చాడు. ఎవరైనా బానెట్ దగ్గరకు వస్తే నోరు తెరవకుండా బొటనవేలితో పైనున్న పలక చూపించేవాడు. గోనెసంచి తీసేశారు. చావు కబుర్లు దినాలు గడిచాక చేరసాగాయి. ఒక ఊళ్లో పెళ్లి ముహూర్తం మారిన సంగతి తెలియక చుట్టాలు తప్పు దినం వచ్చి తిరిగిపోయారు. ఆ కష్టాలన్నీ నా లెక్కలోనే పడ్డాయి. నేను బస్సెక్కితే వెనక నుంచి వినబడేది: "బోర్డు వచ్చింది, నోరు మూసుకోన్రి!" నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఆడవాళ్లు నిలబడే ప్రయాణం చేసేవారు. అవ్వ మనుమణ్ని కూడా జనం వదలలేదు. పుట్టంగనే ఒకన్ని మింగిండు, ఇంకొకన్ని జైలుకు తోలిండు అన్నారు.

తీర్పు ఇంగ్లీషులో ఉంది. అందులో తనకు కావలసిన వాక్యం ఉన్నదా అని అడగడానికి ఆ చనిపోయిన మనిషి భార్య మళ్లీ కాలేజీ గేటు దగ్గరకు వచ్చింది. ఉంది. మృతుడు రోడ్డుకు ఎడమ అంచున పోతున్నాడని, మద్యం సేవించినట్టు ఆధారమేదీ లేదని. తెలుగులో చెప్పాను. ఆమె పెదవులు కదిలిస్తూ మనసులో పెట్టుకుంది. తరువాత అన్నది:

"కోర్టుల ఉంటే ఎవలికి ఎరుక? తాగిండన్న మాట పుట్టింది ఆ బస్సు జనంలనే. బస్సులనే చెప్పు బిడ్డా."

మరునాడు పొద్దున ఆమె దారిలో తన ఊరి దగ్గర ఎక్కింది. అవ్వ ముందు సీట్లో మనుమణ్ని ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. కొత్త డ్రైవరుకు అడ్డం కాకుండా, బస్సు తరువాతి ఊరి దగ్గర ఆగినప్పుడు నేను లేచి వెనక్కి తిరిగాను. తీర్పులోని ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను.

జనం కిటికీల్లోంచి బయటకు చూశారు. కొంతసేపటికి, ఆనాడు కల్లు వాసన వచ్చిందన్న పెద్దమనిషే వెనక నుంచి అన్నాడు: "సరే, తాగలేదనుకో. వెనక బస్సు సప్పుడు వినబడలేదా? జర పక్కకు జరగాలె గద!"

"అవును, జరగాలె," అన్నారు ఇద్దరు ముగ్గురు.

సైకిలు మనిషి భార్య కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఇంకెంత పక్కకు జరగాలె కాకా? అంచు దాటితే మోరీ గుంతనే ఉన్నది."

అవ్వ మనుమణ్ని భుజానికి మార్చుకుని, కాళ్లు దగ్గరకు ముడుచుకుని, తన పక్కన ఆమెకు చోటు చేసింది. "కూసో బిడ్డా," అన్నది, తల ఎత్తకుండానే. పిల్లవాడు కమ్మీ మీదున్న ఆ చేతి వైపు తన చేయి చాచాడు. ఆమె చేయి తీయలేదు, కూర్చోనూ లేదు.

కండక్టరు "రైట్" అన్నాడు. అల్లం చేన్లు వచ్చేదాకా ఆమె అట్లాగే నిలబడి, అక్కడ దిగి, రోడ్డు ఎడమ అంచు పట్టుకుని నడిచిపోయింది.