ఎడమవాడికి ముఖం లేదు

"దొరికిన చోటు తెలియదు. ఇచ్చినవారు తెలియదు." ఒక కాలేజీ ప్రదర్శనశాలలో ఓబులమ్మ నాణెం కింద పెట్టిన చీటీలో ఇలా రాశారు. రెండూ అబద్ధాలే. దొరికిన చేనేదో, ఇచ్చిన మనిషెవరో వాళ్లకు నా చేత్తోనే రాసిచ్చాను.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. ఉరవకొండలో సైకిల్ షాపు నడుపుతూ, పాత పుస్తకాలు తెప్పించుకుని, మన నేలలో అప్పుడప్పుడూ దొరికే రోమ్ వాళ్ల చివరి కాలపు కంచు నాణేలను గుర్తుపట్టడం సొంతంగా నేర్చుకున్నాను. దయ్యాలు, పూనకాలు అన్నవాళ్లతో పోట్లాడేవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెప్తాను.

ఓబులమ్మ కూలికి పోయే మనిషి. శనక్కాయ చేనులో కలుపు తీస్తుంటే దొరికిందని, కొంగున కట్టుకుని ఒక మధ్యాహ్నం షాపుకు తెచ్చింది. బొటనవేలి గోరంత నాణెం. మట్టీ సున్నమూ గట్టిపడి రాయిలా పట్టుకున్నాయి. భూతద్దం పెట్టి ఎండలో తిప్పి చూశాను. గీత కూడా కనబడలేదు. చింతపండేసి తోముతానంటే వద్దన్నాను. అలా తోమే మన జిల్లాలో ఎన్ని నాణేల మీది రాత పోయిందో!

"ఏం బొమ్మో తెలీదులే ఓబులమ్మా, నానబెట్టాల."

ఆమె నాణెం తీసుకుని బొటనవేలితో ఒకసారి రుద్దింది.

"తెలీకేమన్నా! ఇద్దురు నిలబడుకోనుండారు. నడాన కట్టె నాటినారు. ఎడంపక్కోనికి మొగమే లేదు."

అలాంటి బొమ్మున్న రోమ్ నాణేలున్నాయని నాకు తెలుసు. నడుమ జెండాకర్రలు రెండుంటే పాతవి, ఒకటుంటే ఆ తర్వాతవి. ఆమెకు తెలిసే దారి లేదు.

"కట్టెలు రెండేమో చూడు," అని ఎగతాళి చేశాను.

"ఒకటే అంటాండా కదా! అంతలావు అద్దాలు పెట్టుకోని నీకేం కనపడతాదప్పా?"

బ్యాటరీల్లో పోసే, ఉప్పూ సున్నమూ లేని శుద్ధి నీళ్లలో నెల పైన నానబెట్టి, తుమ్మముల్లుతో రోజూ కొంచెం గీకాను. ఇంకెవరూ ముట్టలేదు. ఈటెలు పట్టిన ఇద్దరు సిపాయిలు బయటపడ్డారు. నడుమ ఒకే కర్ర. కుడివాడి ముక్కు కూడా తెలుస్తోంది. ఎడమవాడి మెడ పైన ఏమీ లేదు. టంకశాలలో నాణెం కొట్టిన రోజే అచ్చు సరిగా పడలేదు. ఆ లోపం ఏ పుస్తకంలోనూ ఉండదు, ఆ ఒక్క నాణేనిదే.

 ఎలా తెలిసిందని ఓబులమ్మను అడిగితే, "వేలికి తగిలిందన్నా, అంతే," అంది. జొన్నగింజ మందం సున్నం కింద ఉన్నది వేలికెలా తగులుతుంది?

చీటీలో నీ పేరు రాయిస్తానని మాటిచ్చి, నాణెం ప్రదర్శనశాలకు ఇప్పించాను. ఆమె పని మానుకుని, కోడలిని వెంటబెట్టుకుని బస్సెక్కి చూడబోయింది. చీటీ కోడలు చదివి చెప్పింది. తిరిగొచ్చి, "నా పేరు యాడుందన్నా?" అని ఒక్కమాట అడిగింది.

కాలేజీకి నాలుగు ఉత్తరాలు రాశాను. మొదట నాణెంతో రాసిచ్చిన కాగితంలో లాగే, అన్నిట్లోనూ జరిగింది జరిగినట్టే, ఆమె ముందుగా చెప్పిన మాటతో సహా. ఆమెకెలా తెలిసిందో నాకు ఈనాటికీ అంతుబట్టలేదని కూడా రాశాను. నిన్న జవాబొచ్చింది:

"అయ్యా, శుభ్రం చేయకముందే ఆమె బొమ్మను వర్ణించిందన్న భాగం వల్ల మీ వివరాలన్నీ నమ్మదగనివిగా భావించాము. ఆ భాగం తీసివేసి, అలాంటిదేమీ జరగలేదని సంతకం చేసి పంపితే, ఓబులమ్మ గారి పేరు చేరుస్తాము."