నీళ్లు గడ్డం దాకానే వస్తయన్న మనిషి

నేను సంతలు తిరిగి కళ్లద్దాలు అమ్ముకునేటోన్ని. భద్రాచలం దాటినంక, గోదారి ఒడ్డున ఒక చిన్న టౌనుంది. అక్కడి సంతకు పోయి వరదల ఇరుక్కున్న. లాడ్జిల నా గది పైన ఉండబట్టి బతికిన. నీళ్లు తీసినా రోడ్డు తెగిపోయి బస్సులు రాలేదు. ఇల్లు చేరే దారి లేక ఆ బురదలనే కాలం వెళ్లదీసిన.

పొద్దున లేస్తే వాసన. ఉబ్బిన వడ్లు, చచ్చిన బర్రె, నానిన పరుపులు, అన్నీ కలిసిన వాసన. గోదారి ఒడ్డున ఉండి గుక్కెడు నీళ్ల కోసం ట్యాంకర్ దగ్గర బిందెల లైన్లు. సారపాక కాయితాల మిల్లు కాంట్రాక్టు కూలీలు సెలవు పెట్టి వచ్చి, పారలతోటి బురద ఎత్తిపోసిండ్రు. వాళ్లకు దండం పెట్టాల. చొక్కా నలగకుండ వచ్చినోళ్లు మాత్రం పులిహోర పొట్లం చేతుల పెట్టి, ఫోటో దిగేదాక పొట్లం వదిలేటోళ్లు కాదు. ఒకరోజు కార్లల్ల లీడర్లొచ్చి, దిగకుండనే చూసి పోయిండ్రు. లైన్లున్న ఒకామె నన్ను పిలిచి, "ఓ కళ్లద్దాల తాతా! ఆ సార్లకు తలా ఒక జత పెట్టరాదు? బురద కనిపిస్తలేదంట పాపం!" అన్నది. అందరూ నవ్విండ్రు. నవ్వనిది ఒక్కడే. నా అద్దాల పెట్టె చేసిచ్చిన రేకుపెట్టెల భాయ్. లాడ్జి ఎదురుగనే ఆయన దుకాణం. ఆయన తల్లి కనిపిస్తలేదు.

ఎట్ల జరిగిందో నాతోటి చెప్పిండు. వెనకటి పెద్ద వరద నాడు వాళ్లు బజార్ల, మెట్ట మీదుండెటోళ్లు. ఆనాడు ఇంట్ల నిలబడితే నీళ్లు ఆ తల్లి గడ్డం దాకా వచ్చి ఆగినయి. ఆ ముచ్చట చెప్పుకుంటనే ముసలిదైంది. తర్వాత సర్కారు వాళ్లకు కొత్త కాలనీల జాగ ఇచ్చింది. అక్కడ ఇల్లు కట్టినప్పుడు ఆమె గోడకు ఆనుకొని నిలబడి, గడ్డం దగ్గర సుద్దతోటి గీత గీయించింది. గీతకు మూరెడు పైన అటుక వేయించింది. ఇంట్ల ఆమె మాట అంటే మాటే. నిలబడ్డ నేల ఏదని ఎవ్వలూ అడగలేదు. బజారు మెట్ట మీద, కాలనీ పల్లంల.

నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టిన పేపర్లు చదివి అక్షరాలు నేర్చుకున్న. ఆ కాలనీకి వరద భయం లేదని గొప్పగ రాసింది గూడ అట్లాంటి పేపర్లనే చదివిన. నా చిన్నతనంల మా నాయన వెంట ఈ సంతకు వచ్చేటప్పుడు అది ఇసుక మేట. దోసపాదులు పెట్టి, వానలు పడకముందే కాయ తెంపుకొని లేచిపోయేటోళ్లు. ఏటా గోదారి వచ్చి పడుకునే జాగ. కాయలకు పనికొచ్చే ఇసుకల పిల్లాజెల్లా కాపురం పెట్టమని రాసిచ్చిన చెయ్యి ఎవరిదో నాకు చూడాలనుంది. అది చదువుకున్న చెయ్యే అయ్యుంటది.

వరద రోజు భాయ్, పెండ్లాం పిల్లలను మెట్ట మీది బడికి చేర్చి తల్లి కోసం వచ్చిండు. ఆమె అప్పటికే బియ్యం మూటతోటి అటుక ఎక్కి కూసుంది. "గడ్డం దాకానే వస్తయిరా బేటా, నేను చూసినదాన్ని కాదా? పిల్లలు భయపడ్తరు, నువ్వు పో," అన్నదట. మళ్ల పడవ దొరికి వచ్చేసరికి అటుక నీళ్లల్ల ఉంది. పైకప్పు రేకులు లేవు.

ఆయన రోజూ ఒడ్డెంబడి పోయేటోడు. నాకు పనేముంది, నేనూ పోయేటోన్ని. కట్టెలు కనిపిస్తే కట్టెలు తిప్పుడు, బట్ట కనిపిస్తే బట్ట గుంజుడు. 

ఒకనాడు అవతలి ఒడ్డు గూడెం నుంచి కబురొచ్చింది. ఏటి పొదల్ల ముసలామె దొరికిందట, ఎడమచేతికి చిటికెనవేలు లేదట, శవం ఆగేటట్టు లేకపోతే మట్టి చేసినమని. భాయ్ తల్లికి ఆ వేలు ఎన్నడో రేకు కత్తెర కింద పోయింది. చావు రాయించెతందుకు భాయ్ తాసీల్దారు ఆఫీసుకు ఉరికిండు. అక్కడి మనిషి తల ఎత్తకుండనే, "తవ్వి తీసి దవాఖానకు తెస్తేనే చచ్చినట్టు రాస్తం," అన్నడు.

భాయ్ తెల్లబట్ట, పార తీసుకొని పడవెక్కిండు. నేనూ ఎక్కిన.

గూడెంల ఒక ముసలమ్మ మమ్మల్ని ఇప్పచెట్ల కిందికి తోలుకపోయింది. మట్టి మీద ముండ్లకంప కప్పి ఉంది. "ఎవలమ్మనో ఏమో అయ్యా. అడిగేటోళ్లు లేరు. మావోళ్లను పెట్టినట్టే పెట్టినం. కొత్తబట్ట కప్పినం. తల తూర్పుకు పెట్టినం. నోట్లె ఇంత సారా చుక్క పోసినం," అన్నది. చేసిన మర్యాదలు ఒక్కటి మరువకుండ చెప్తున్నది పాపం.

సారా మాటకు భాయ్ ముఖం మాడిపోయింది. ఆ తల్లి ఇంటి గడపల సీసా పేరు ఎత్తనియ్యని మనిషి. స్నానం లేదు, నమాజు లేదు, వాళ్ల లెక్కల తల ఉండాల్సింది ఉత్తరానికి. పార మీద చెయ్యి బిగుసుకుంది.

"తవ్వుతవా కొడుకా?" అని ముసలమ్మ అడిగింది. "తవ్వుకోవాలంటే తవ్వుకో, నీ తల్లి. కాని పెట్టేటప్పటికే తోలు ఊడొస్తుండె. చాప మీద మోసినం. నేనూ ఒక కొస పట్టిన."

భాయ్ చాలసేపు ఆ చేతుల దిక్కు చూసిండు. పార కింద పెట్టిండు. తెచ్చిన తెల్లబట్ట ముసలమ్మకే ఇచ్చి, కంప పక్కకు జరిపి నిలబడి నమాజు చదివిండు. గూడెం మనుషులు దూరంగ నిలబడ్డరు. నేనూ నిలబడ్డ, ఏం చెయ్యాలో తెలియక.

పడవల వస్తుంటే అన్నడు, "పెద్దాయనా, సారా సంగతి మా ఇంట్ల చెప్పకు."

"చెప్పను."

"ఆఫీసుల ఏం రాసుకుంటరో రాసుకోనీ."

కాలనీల ఆయన పెండ్లాం బురద ఊడుస్తున్నది. భాయ్ భుజం మీద పార చూసి అక్కడనే ఆగింది. పారకు మట్టి లేదు.

"మంచిగ పెట్టిండ్రా?"

"కొత్తబట్ట కప్పి పెట్టిండ్రు," అన్నడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, మళ్ల చీపురు అందుకుంది.