వెండెల్ బండి కప్పు

చలికాలమంతా అరిజోనా ఎడారిలో మా పక్కనే ఆర్‌వీ అనే ఇల్లులాంటి బండిలో కాపురముండే వెండెల్‌కి నేల మీద కాలు నిలవదు. పొద్దున్నే కాఫీ కప్పుతో నిచ్చెనెక్కి, పైనున్న సోలార్ పలకలను పాత బనీనుతో తుడిచి, "ఇంకొక్కటి వేస్తే చాలు" అంటాడు. ఏటా అదే మాట. బండి కప్పు మీద చోటంతా అయిపోయేసరికి, మొన్న కొత్త పలకను వంటగట్టు మీదికి వెలుతురొచ్చే పైకప్పు అద్దం మీదే బిగించేశాడు. దిగొచ్చి, మీసం దువ్వుకుంటూ, "చూశావా డార్లీన్, ఎంత కరెంటొస్తోందో" అన్నాడు భార్యతో. డార్లీన్ మిట్టమధ్యాహ్నం చీకట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"వస్తే రానివ్వయ్యా. ముందా లైటు వెయ్యి, వేలు తెగేలా ఉంది" అంది.

వెండెల్ లైటు వేశాడు. అది ఎంత కరెంటు తింటోందో మీటర్లో చూసుకుని, గంభీరంగా తలాడించాడు.

"ఇంకొక్కటి వెయ్యాల్సిందే."