పావని మాస్కు

బెర్హంపూర్ ప్రయోగశాలలో పరిశోధన చేసే పావనిని మూతికి మాస్కు లేకుండా ఎవరూ చూడలేదు. దుమ్ము పడదేమో అనుకుంటారు. ఆమె పని వెంట్రుకంత సన్నటి గాజు తీగతో. తేనెపట్టులా పొడవునా బోలు గదులున్న ఆ తీగలోంచి ఒక్కొక్క కాంతి కణాన్నీ, అది మోసే సమాచారం చెదరకుండా దాటించాలి. క్వాంటం కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే అలాంటి తీగలే కావాలి. తీగ కోసే ముందు పావని కుర్చీ వెనక్కి నెట్టి నిలబడుతుంది. చివరను చూపుడువేలికి మెల్లగా చుట్టి లాగి చూస్తుంది. సముద్రం ఒడ్డున చమఖండిలో వల అల్లే ఆమె తల్లి కూడా అంతే, కాకపోతే ఆ తర్వాత దారాన్ని పళ్లతో కొరికి తెంపుతుంది. విదేశం నుంచి తెప్పించిన తీగలో చివరి ముక్కను మొన్న రెండు చేతులా పట్టుకుని ఉండగా, పావని తల దానంతటదే వంగి నోరు తీగ మీదికి వెళ్లింది. మాస్కు అడ్డొచ్చింది. లేకపోతే గాజు పగిలి, ఎంగిలి తడి బోలు గదుల్లోకి ఎక్కి, ఏడాది పని పోయేది.

ఆదివారం ఇంట్లో వల బాగుచేయడానికి కూర్చుంటూ ఆమె మాస్కు తగిలించుకుంది. తల్లి ఈశ్వరమ్మ ముఖం మాడిపోయింది.

"ఏటే, సేపల కంపు కొట్టేస్తన్నామా నీకు?"

"కంపు కాదమ్మా. నీ దగ్గర నేర్సిన కొరుకుడు మానుదామని. మొన్న ఆ గాజు తీగని కొరికీబోయాను."

ఈశ్వరమ్మ కూతురి మూతికేసి కాసేపు చూసింది. తర్వాత దారం కొసను ముందుకు సాచింది.

"ఇది నైలానే గదా. కొరికీ."

పావని మాస్కును గడ్డం కిందికి లాగి, పుటుక్కున కొరికింది.