వాట్ల వేలంపాట

మా ఆయన నోరు ఊరికే ఉండదు. ఇది పెళ్ళాన్ని కాబట్టి కడుపుమంటతో అంటున్న మాట కాదు, ఊరంతా ఒప్పుకున్న సంగతే. మైకులు అద్దెకిచ్చే కొట్టు మాది. కొట్టంటే ఒక్క గది. గదినిండా వైర్లు, గోడలకి వేలాడదీసిన హారన్లు, మూల ఒక పాత ఆంప్లిఫయరు, వెచ్చగా ఉంటుందని దానిమీద పడుకునే పక్కింటివాళ్ళ పిల్లి. ఎవరైనా వచ్చి మైకు అడిగితే మా ఆయన మైకుతోపాటు తన నోరు కూడా ఇస్తాడు, ఊరికే. "మైకిచ్చి ఇంటికి రావచ్చుగా, మీరెందుకండీ?" అంటే, "మైకు దానంతటది మాట్లాడుతుందా, పిచ్చిమొహమా!" అంటాడు.

ప్రతి ఆదివారం మార్కెట్టు వెనక యార్డులో పాతసామాన్లు వేలం వేస్తారు. అక్కడ పాట పాడించేది మా ఆయనే. బీరువాలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, కాలు విరిగిన కుర్చీలు, ఏది పెట్టినా సరే. "ఒకటోసారి! రెండోసారి!" అని ఆయన గొంతెత్తాడంటే, అవసరం లేనివాళ్ళు కూడా చెయ్యెత్తేస్తారు. అలా చెయ్యెత్తినవాళ్ళలో మా అత్తగారు కూడా ఉన్నారు. కన్నకొడుకు పాటకి పడిపోయి, మూడు రెక్కల్లో ఒకటి లేని ఫ్యాను కొనుక్కొచ్చారు.

కానీ ఆయన ప్రాణమంతా సైకిల్ పందెంలో ఉంది. ఏడాదికోసారి మా ఊరి వీధుల్లోనే జరుగుతుంది. జీతాలు తీసుకుని సైకిల్ తొక్కేవాళ్ళు వస్తారు, వాళ్ళ వెనక కార్లలో కోచ్‌లు వస్తారు. వాళ్ళందరికీ ముందు మా వ్యాను పోతుంది. నడిపేది నేను. పైన రెండు హారన్లు, ఒకటి ముందుకి జనం కోసం, ఒకటి వెనక్కి తొక్కేవాళ్ళ కోసం. మా ఆయన పక్కసీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళమీద కూర్చుని, మైకు మింగేసేంత దగ్గరగా పెట్టుకుని అరుస్తాడు. నా ఎడమ చెవి సగం పోయింది. ఆ చెవి వైపున ఎవరైనా తిడితే నాకు వినపడదు, అదొక్కటే లాభం.

అప్పట్లో పందెం అంటే పందెమే. ఒకడు ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు లేచి ఉరికేవాడు. మిగతావాళ్ళు "వీడికేమొచ్చింది!" అని వెంటపడేవాళ్ళు. ఉరికినవాడు ఎత్తుమీద తుస్సుమనేవాడు. మా ఆయన ఏడ్చినంత పనిచేసేవాడు, ఆయన్ని విని జనం నిజంగానే ఏడ్చేవాళ్ళు.

తర్వాత ఈ పవర్ మీటరొచ్చింది. ఏ ముహూర్తాన వచ్చిందో! కాలు పెడల్‌ని ఎంత బలంగా నొక్కుతోందో అది లెక్కగట్టి, హ్యాండిల్ మీద చిన్న డబ్బాలో వాట్లలో చూపిస్తుంది. ఈ మాట చెప్పగానే మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "అయ్యో, సైకిల్‌కి కూడా మీటరు పెట్టారా! పరిగెడుతుంటే రీడింగ్ ఎవడు రాసుకుంటాడురా?" అని. "అది కరెంటు మీటరు కాదమ్మా" అని మా ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు.

డబ్బా వచ్చాక పందెం పాడైపోయింది. కోచ్ వెనక కార్లోంచి, తొక్కేవాడి చెవిలో పెట్టిన చిన్న రేడియోలో "మూడు వందల పది, అంతే, దాటకు" అంటాడు. వాడు తలొంచుకుని డబ్బాలో మూడు వందల పది చూసుకుంటూ తొక్కుతాడు. పక్కవాడూ అంతే, వెనకవాడూ అంతే. ఎవడూ ఉరకడు, ఎవడూ చావడు. అందరూ కలిసి ఆఫీసుకి పోతున్నట్టు పోతారు. "వీళ్ళు తొక్కేది సైకిలా, ఆ తొక్కలో డబ్బానా?" అని మా ఆయన ఒకసారి మైకు ఆపడం మర్చిపోయి అనేశాడు. ఊరంతా వింది.

ఈ ఏడు పందేనికి ముందు కమిటీ సెక్రటరీగారు మా కొట్టుకొచ్చారు. చేతిలో పలకంత టాబ్లెట్టు. పిల్లిని లేపి, ఆంప్లిఫయరు మీద దాన్ని పెట్టారు.

"ఇందులో అందరి వాట్లూ వస్తుంటాయి. ఈసారి మీరు కథలు చెప్పకండి. ఇవి చదవండి చాలు" అన్నారు.

"చదవడమేంటండీ? నేనేమన్నా బస్టాండులో అనౌన్సర్నా?" అన్నాడు మా ఆయన.

"జనం నిరుడు సగంలోనే లేచి వెళ్ళిపోయారండీ. వచ్చే ఏడు పెద్ద తెర పెడదామని కమిటీలో అందరూ అంటున్నారు. అంకెలు వాటంతటవే పడతాయి. మీకూ వయసవుతోంది, కాస్త విశ్రాంతిగా ఉంటుంది. ఈసారి జనం కదలకుండా నిలబడితే చూద్దాం, లేదంటే తెరే."

ఆయన వెళ్ళాక మా ఆయన వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టినవే విప్పి మళ్ళీ చుట్టాడు. నాకు లోపల మాత్రం, నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. పోతే పోయింది, పీడా విరగడైంది, మిగిలిన చెవైనా దక్కుతుంది అనుకున్నాను. పైకి మాత్రం "పోనీలెండి" అన్నాను. అది ఓదార్పుగా వినపడిందనే అనుకుంటున్నాను.

పందెం రోజు వీధుల్లో జనం బాగానే ఉన్నారు. మార్కెట్టు, ఎత్తువీధి, లాండ్రీ సందు, మళ్ళీ మార్కెట్టు, అలా చుట్లు చుట్లుగా తిరగాలి. మొదటి చుట్టులోనే ఎర్రచొక్కావాడు, పచ్చచొక్కావాడు ముందుకొచ్చారు. ముందుకైతే వచ్చారు గానీ, ఇద్దరూ పక్కపక్కనే తలొంచుకుని, దేనికో సంతాపం పాటిస్తున్నట్టు తొక్కుతున్నారు. మా ఆయన టాబ్లెట్టు చూసి చదివాడు. "ఎర్రచొక్కా, మూడు వందల పది. పచ్చచొక్కా, మూడు వందల పది." కాసేపాగి మళ్ళీ చదివాడు. "ఎర్రచొక్కా, మూడు వందల పది."

రెండో చుట్టుకి జనం కుర్చీలు మడవడం మొదలుపెట్టారు. మా ఆయన అది చూశాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి మైకు చేతిలో పెట్టుకుని నోరు మూసుకోవడం నేను చూడలేదు. "ఏదో ఒకటి అనండీ" అన్నాను. "ఏమనను? మూడు వందల పది" అన్నాడు.

అన్నాడా, ఇక ఆ నోరు తనకి అలవాటైన దారిలోకి అదే పోయింది. ఆదివారాల రాగం ఆయనకి తెలీకుండానే వచ్చేసింది. "మూడు వందల పది... పది... పదీ... మూడు వందల పదేనా!"

లాండ్రీ మేడమీంచి ఒకావిడ, చేతిలో ఇస్త్రీ చేసిన దుప్పటి ఊపుతూ, "మూడు వందల ఇరవై!" అని కేకేసింది.

తర్వాత అడిగితే కుట్టుమిషననుకున్నానంది. ఆ గొంతు విని, అంకె విని, ఇంక ఆగలేకపోయిందట. ఆవిడ పాడితే ఎదురుగా ఉన్న కుర్చీల కొట్టాయన ఊరుకుంటాడా? ఆ ఇద్దరికీ యార్డులో ఎప్పటినుంచో పడదు. షట్టరు కింది నుంచి బయటికొచ్చి "ముప్పై!" అన్నాడు, ఏం కొంటున్నాడో కనుక్కోకుండానే.

ఇలాంటప్పుడు మా ఆయన్ని ఎవరాపగలరు? "మూడు వందల ముప్పై! ఒకటోసారి!"

వెనక్కి తిరిగిన హారన్ ఉంది చూశారూ, అది ఆ అంకెని నేరుగా తీసుకెళ్ళి ఎర్రచొక్కావాడి మొహాన కొట్టింది. వాడు ఉలిక్కిపడి తలెత్తాడు. తన డబ్బాలో చూస్తే మూడు వందల పదే ఉంది. అంటే ముప్పై పచ్చచొక్కావాడిదన్నమాట! వాడివైపు కొరకొరా చూశాడు. పచ్చచొక్కావాడు అచ్చం అలాగే వీణ్ణి అనుమానించాడు. ఇద్దరూ ఒకేసారి లేచి నిలబడి తొక్కారు.

"ఏమే, నలభై అయింది!" అన్నాడు మా ఆయన నాతో, మైకులోనే. గొంతులో ప్రాణం లేచొచ్చింది. "ఎర్రచొక్కా పాట, మూడు వందల నలభై! పచ్చచొక్కా, మూడు వందల అరవై! అరవై రెండోసారి! ఇంతేనా? ఈ ఊళ్ళో మగాడు లేడా?"

"ఆడవాళ్ళున్నారు! డెబ్భై!" అంది లాండ్రీ ఆవిడ.

మడిచిన కుర్చీలు మళ్ళీ విప్పారు. కొందరైతే కుర్చీలెక్కారు. ప్రతి సందు దగ్గరా పాటే. ఎత్తువీధిలో అప్పటిదాకా గుమ్మంలో కూర్చున్న ముసలాయన లేచి "రెండు వందలు!" అన్నాడు. మనవరాలు "అది ఎప్పుడో దాటిపోయింది తాతయ్యా" అంటే, "దాటితే దాటనీ, మనకి అందులోనే ఇప్పించమను" అన్నాడు. జనం పాడినకొద్దీ వాళ్ళిద్దరూ తొక్కుతున్నారు, వాళ్ళు తొక్కినకొద్దీ జనం పాడుతున్నారు. వెనక కార్లోంచి ఎర్రచొక్కావాడి కోచ్ అగ్గిమీద గుగ్గిలమైపోతున్నాడు. "పది! మూడు వందల పదిరా, నాయనా!" ఎర్రచొక్కావాడు చెవిలో రేడియో పీకి, చొక్కాలో పడేసుకున్నాడు.

ఆఖరి చుట్టులో మార్కెట్టు దగ్గరి స్టేజీమీది మైకులోంచి ఎవరో "నాలుగు వందలు!" అని అరిచారు. చూస్తే సెక్రటరీగారు. అరిచి, తన నోరు తనే మూసుకున్నారు.

అంతే, నాలుగు వందలూ వచ్చాయి. వచ్చాక కాళ్ళలో ఇంకేం మిగుల్తాయి! ముగింపు గీత ఇంకా అక్కడుండగానే ఇద్దరికీ గాలి తీసేసినట్టయింది. సైకిళ్ళు అటూ ఇటూ తూలుతున్నాయి. నేను వ్యాను మొదటి గేరులో పోనిస్తున్నా వాళ్ళు వెనకబడిపోతున్నారు. పక్కనే నడిచి వెళ్తున్న ఒకాయన, పాలపాకెట్టు పట్టుకుని, వాళ్ళని దాటిపోయాడు. దాటి, వెనక్కి తిరిగి, "రండి బాబూ, వచ్చేశారు" అన్నాడు.

మా ఆయన సగం కిటికీలోంచి బయటికి వేలాడుతున్నాడు. నేను ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆయన బెల్టు పట్టుకున్నాను. పచ్చచొక్కావాడి ముందు చక్రం వెంట్రుకవాసిలో ముందు దాటింది. "మూడో..." అన్నాడు మా ఆయన, అక్కడితో గొంతు తెగింది. గాలి తప్ప ఏమీ రాలేదు. వీధి వీధంతా "...సారి!" అని ఒక్క గొంతుతో అరిచింది.

వ్యాను దిగీదిగగానే ఎర్రచొక్కావాడి కోచ్ మా ఆయన మీదపడ్డాడు. "మా ప్లానంతా నాశనం చేశారు! పదిమీద ఉంటే హాయిగా గెలిచేవాడు!" ఎర్రచొక్కావాడు రోడ్డుమీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కిందనుంచే, "నేను పదిమీదే ఉంటే వాడూ ఉండేవాడు సార్" అన్నాడు. "డబ్బానే చూసుకుంటూ పోయుంటే నాకు నాలుగు వందలొస్తాయని చచ్చేదాకా తెలిసేది కాదు. ఓడిపోయాను, సరే. కానీ ఇవాళ పందెం ఆడాను." అని కళ్ళు తుడుచుకున్నాడు. చెమటో ఇంకోటో నేనడగలేదు. కోచ్ వాడికి నీళ్ళ సీసా అందించాడు.

సెక్రటరీగారు వచ్చారు. మొహంలో సిగ్గు ఇంకా పోలేదు. జనం చుట్టూ మూగారు, ఒక్కడూ ఇంటికి పోలేదు. "చూడండి" అన్నారాయన మా ఆయనతో, "తెర సంగతి కమిటీకి నేను చెప్పుకుంటాను. వచ్చే ఏడు కూడా మీరే రావాలి. వస్తారా?"

మా ఆయన నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. పిల్లికూతంత కూడా రాలేదు. రెండు చేతులూ గాల్లో ఊపాడు, అది వస్తాననో, రాననో, నీళ్ళు కావాలనో ఆ దేవుడికే తెలియాలి. సెక్రటరీగారి మొహం చిన్నబోయింది. "అర్థమైందండీ. నేనన్న మాటలకి మనసు కష్టపెట్టుకున్నారు. మిమ్మల్ని బలవంతం చెయ్యను. తెరే తెప్పించుకుంటాం" అని వెనక్కి తిరిగారు.

మా ఆయన నావైపు చూశాడు. ఊరుకుంటే చాలు, నా చెవి నాకు దక్కుతుంది. నేను చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే.

వ్యాన్లోంచి మైకు లాక్కున్నాను. రెండు హారన్లూ ఒక్కసారిగా గయ్యిమన్నాయి.

"వస్తారండీ! ఎందుకు రారు! ఆగండి, ఎక్కడికి పోతున్నారు? మా ఆయన వస్తారు!"